దూది ఉండలో గింజ

నాకు కోపం త్వరగా వస్తుంది, త్వరగా పోదు. బడిలో పాఠాలు చెప్పిన రోజుల్లోనూ అంతే, రిటైరై హిందూపురంలో ఈ రెండు గదుల ఇంట్లో కథలు రాసుకుంటూ కూర్చున్న ఇప్పుడూ అంతే. ఈసారి వచ్చిన కోపం మాత్రం నెల దాటినా దిగలేదు. ఒక మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చబోతుంటే, ఊళ్ళో ఒక కళాసంఘం కార్యదర్శి గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. చేతిలో కూపన్ల పుస్తకం. ఒకప్పుడు మగవేషం కట్టి మా సీమ ఊళ్ళన్నీ ఊపేసిన రంగస్థల నటి ఒకామె, ఇప్పుడు ఎనభై దాటిన మనిషి, ఇదే ఆఖరుసారి అని చెప్పి మా ఊళ్ళో కొన్ని పద్యాలు పాడబోతోందట. హాలు చిన్నదట. అందుకని టిక్కెట్లు అమ్మడం లేదట. వంద రూపాయలకు ఒక కూపన్ కొని, పేరు రాసి పెట్టెలో వేయాలి. డ్రాలో పేరు వచ్చినవాళ్ళకు పాసు. రానివాళ్ళ సంగతేమిటని అడిగాను.

"రాకుంటే కళాసేవ చేసినామని అనుకోవాల మేడమ్," అన్నాడు నవ్వుతూ.

"టిక్కెట్ పెట్టి అమ్మితే ఏమప్పా? ముందొచ్చినోళ్ళు కొనుక్కుంటారు."

"అట్ల పెడితే బ్లాకులో అమ్ముకుంటారు మేడమ్. డ్రా అయితే న్యాయం. ఉన్నోడికీ లేనోడికీ ఒకటే పెట్టె."

న్యాయం అన్న మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నాడంటే, ఒంట్లో రక్తమంతా తలకెక్కినట్టయింది. బ్లాకులో అమ్మేవాడు నీ దగ్గర రెండింతలు గుంజుతాడు, నిజమే. కానీ గుంజి టిక్కెట్ చేతిలో పెడతాడు. ఈ పెద్దమనిషి వెయ్యి మంది దగ్గర తీసుకుని, యాభై మందికి ఇచ్చి, మిగిలినవాళ్ళకు సేవ అనే పేరు తగిలిస్తున్నాడు. ఇదంతా ఆయన మొహం మీదే అనేసి గేటు దాకా సాగనంపేదాన్నే. కానీ ముందురోజు సాయంత్రం ధర్మవరం నుంచి మా అక్క ఫోన్ చేసింది. మా అక్క కాశీంబీ ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగదు. అట్లాంటి మనిషి అడిగింది.

"మాబున్నీ, ఆయమ్మ మీ ఊరికి వస్తాందంటనే. ఒక్కసారి మొగుము చూడాలని ఉండాదే. గొంతయితే విన్యా గానీ, మొగుము చూళ్ళేదు గదా నేను."

ఎందుకు చూడలేదో నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసని అనుకుంటూ యాభై ఏళ్ళకు పైగా బతికాను. అందుకే నోరు మూసుకుని పర్సు తీసి, పది కూపన్లు కొని, పదింటి మీదా అక్క పేరే రాశాను.

అప్పుడు మేము పెనుకొండలో, కోట కొండ కింద ఉండేవాళ్ళం. మా నాయన దూది ఏకేవాడు. పరుపులు, దిండ్లు కుట్టేవాడు. తెల్లారీ తెల్లారకముందే ఏకే విల్లుకు బిగించిన నరం మీద కొయ్య గుండు పడే చప్పుడుతో మా ఇల్లు లేచేది. ఇంట్లో ఎక్కడ చూసినా దూదే. సంగటి ముద్ద మీద దూది, నీళ్ళ కడవ అంచున దూది, మా అవ్వ నశ్యం డబ్బాలో కూడా దూది. అవ్వ నశ్యం పీల్చి తుమ్మితే గాలిలో దూది లేచేది, దాన్ని చూసి మళ్ళీ మేమందరం తుమ్మేవాళ్ళం. శుక్రవారం పొద్దున మాత్రం నాయన పని ఆపేవాడు. అమ్మ ఇల్లంతా ఊడ్చి సాంబ్రాణి వేసేది. ఆ పొగ, పాత పరుపుల్లోంచి వచ్చే చెమట వాసన, పొయ్యి మీద వేగే చెనక్కాయల వాసన కలిసి ఒక వాసన ఉండేది. ఈ మధ్య ఒక కంపెనీ పరుపుల షోరూమ్‌కి వెళ్ళాను. అక్కడ ఏ వాసనా లేదు. పడుకుని చూడండి మేడమ్ అన్నారు. ఎవరో ప్లాస్టిక్ సంచిలో నన్ను కట్టేసినట్టు అనిపించి లేచి వచ్చేశాను.

ఏకడానికి ముందు దూదిలో మిగిలిపోయిన గింజలు, ఆకు ముక్కలు ఏరాలి. అది అక్కదీ నాదీ పని. బడి నుంచి రాగానే గోడకి చేరగిలబడి, ఒళ్ళో దూది వేసుకుని కూర్చునేవాళ్ళం. అక్కకు చూడాల్సిన అవసరమే ఉండేది కాదు. ఎక్కడో విన్న పద్యం ఒకటి కూనిరాగం తీస్తూ, కళ్ళు వీధిలో పెట్టి, వేళ్ళతోనే గింజలు ఏరి పక్కన పడేసేది. నేను నాలుగు ఏరేలోపల తను పది ఏరేది. మా మేనత్త, అంటే నాయన చెల్లెలు, మా ఇంట్లోనే ఉండేది. ఆమె దబ్బనంతో పరుపు అంచులు కుడుతూ, "పాడింది చాల్లేమ్మే, పని చూడు" అని కసిరేది. అక్క గొంతు తగ్గించేది గానీ ఆపేది కాదు.

మాది లేమి ఇల్లు కాదు, అట్లని కలిగిన ఇల్లూ కాదు. ఒక వస్తువుకి నలుగురు ఆశపడే ఇల్లు. ఒక రవిక గుడ్డ వస్తే నలుగురు ఆడవాళ్ళు. గోరంట్లలో పెళ్ళికి పోయే బండిలో ఒక చోటు ఉంటే నలుగురు. అట్లాంటప్పుడు అవ్వ చీటీ వేసేది. కాగితం చీటీ కాదు, అవ్వకు చదువు రాదు. ఎంతమంది ఉంటే అన్ని దూది ఉండలు చుట్టేది. ఒక్క ఉండలో మాత్రం గింజ పెట్టేది. తలుపు వెనక్కి పోయి, మూతి చిన్నగా ఉండే ఇత్తడి చెంబులో అన్నీ వేసి కుదిపి తెచ్చేది. ఒకరి తర్వాత ఒకరు చెయ్యి పెట్టి ఉండ తీసి విప్పి చూడాలి. గింజ వచ్చినవాళ్ళది ఆ వస్తువు. మా నాయనను మాత్రం అవ్వ చెంబు దగ్గరికి రానిచ్చేది కాదు. ఆయన చేతిలో దూది పెడితే లోపల ఏముందో విప్పకుండా చెప్పేవాడు.

"చేతికి తెలిసినాక ఇంక అది చీటీ యాడిదిరా? పో, ఆ పక్కకు పోయి కూచో," అనేది.

నాయన నవ్వుకుంటూ వాకిట్లోకి పోయేవాడు. ఒకసారి మా మేనత్త, పని ఎక్కువ చేసేది నేనే కాబట్టి నా పేరున రెండు ఉండలు వెయ్యమని పేచీ పెట్టింది. అవ్వ నశ్యం డబ్బా మూత పెట్టి ఆమె వంక చూసి, "రెండు చేతులుండాయని రెండు నోర్లుండాయా నీకి? చీటీకి అందరూ ఒకటే. చెయ్యి పెట్టేదానికి ఎవరూ ఏమీ ఇచ్చుకునే పని లేదు, ఏమీ చూపించే పని లేదు," అంది. అత్త రెండు రోజులు మాట్లాడలేదు. అవ్వ మూడు రోజులు మాట్లాడలేదు. ఈ చీటీలో ఇంకొక కట్టుబాటు ఉండేది. ఎక్కడికైనా పోయే చీటీ వచ్చినవాళ్ళు తామే పోవాలి, ఇంకొకరికి ఇచ్చేదీ మార్చుకునేదీ లేదు. పోయి వచ్చాక, దూది ఏరే వేళ అందరి మధ్యా కూర్చుని, చూసినదంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పాలి. చెప్పేదాకా చూసినట్టు కాదు. పోనివాళ్ళ బాకీ అట్లా తీరేది.

ఆ ఎండాకాలం పెనుకొండకు నాటకం కంపెనీ ఒకటి వచ్చి డేరా వేసింది. పగలంతా ఊరంతా దాని మాటే. రాజు వేషం కట్టేది ఆడమనిషట, మీసం పెట్టి పద్యం ఎత్తుకుంటే కొండ అవతలికి వినిపిస్తుందట. కంపెనీవాళ్ళ సింహాసనం మీది మెత్త చిరిగిపోతే మా నాయనకు కబురు పెట్టారు. నాయన దాన్ని ఇంటికి తెచ్చి, పాత పీచు అంతా పీకేసి, కొత్త దూది కూరి, ఎర్ర దారంతో అంచు కుట్టాడు. చివరి మూలకు వచ్చేసరికి ఎర్ర దారం అయిపోయింది. నీలం దారంతో ముగించి, "రాజు కూచుంటే ఎవురికీ కనపడదులే" అన్నాడు. కంపెనీ మేనేజరు కూలితో పాటు ఒక టిక్కెట్ ఇచ్చాడు. ముందు వరుస కుర్చీ. ఆఖరి రోజు ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్ళ కోసం వేసే ప్రత్యేక ఆటకు.

ఆ టిక్కెట్ మా ఇంటికి వచ్చిందని ఎట్లా తెలిసిందో, డేరా దగ్గర సోడాబండి పెట్టుకుని టిక్కెట్లు బ్లాకులో అమ్మే మనిషి సాయంత్రానికి మా వాకిట్లో ఉన్నాడు.

"దస్తగిరన్నా, రెండింతలిస్తా. నీకేమన్నా, మెత్త కుట్టినందుకు మల్లా కూలి వచ్చినట్ల."

"అది అమ్మేది కాదప్పా," అన్నాడు నాయన దూది ఏకడం ఆపకుండా. "మా ఇంట్లో ఆడోళ్ళది."

"అయితే నాలుగింతలు."

నాయన కొయ్య గుండు కింద పెట్టి లేచాడు. ఆ మనిషి సోడాబండి తోసుకుని పోయాడు. వాడు దొంగేమీ కాదు, ఎండలో నిలబడి, ధర మొహం మీదే చెప్పి అమ్మేవాడు. ఈ మాట నేను ఇప్పుడు అంటున్నాను. అప్పుడు మాత్రం మా నాయన వాడిని పంపించేసినందుకు గర్వంగా ఉండింది.

ఇంట్లో ఐదుగురు ఆడవాళ్ళం. అవ్వ తనకు చూపు ఆనదని తప్పుకుంటే మేనత్త, అక్క, నేను, అమ్మ మిగిలాం. అక్కకు ధర్మవరంలో పరుపుల అంగడి ఉన్న ఇంట్లో నిఖా కుదిరింది. నెలలో వెళ్ళిపోతుంది. ఆ రాజు పద్యాలు వినాలని అక్కకు ఎంత ఉందో ఇంట్లో అందరికీ తెలుసు. అక్కకే ఇచ్చెయ్యొచ్చు గదా అని అమ్మ గొణిగింది కూడా. అవ్వ ఒప్పుకోలేదు. "ఈ పొద్దు ప్రేమతో ఇస్తాం, రేపు పొద్దున కోపంతో ఇయ్యం. చీటీ అంటే చీటీనే," అంది. నాలుగు ఉండలు చెంబులో వేసింది. ముందు అత్త చెయ్యి పెట్టింది. విప్పింది, వట్టిది. తర్వాత అక్క. అక్క చెయ్యి చెంబులో కాసేపు ఆగింది. ఎందుకు ఆలస్యం చేస్తోందా అని నేను విసుక్కున్నాను. ఒక ఉండ తీసి, విప్పి కూడా చూడకుండా అవ్వ ఒళ్ళో పెట్టేసింది. అవ్వే విప్పింది. వట్టిది.

ఆ తర్వాత నా చెయ్యి. అమ్మ నా తర్వాత. మా ఇంట్లో దేనికైనా చివర చెయ్యి పెట్టేది అమ్మే. చెంబులో రెండు ఉండలు ఉన్నాయి. మొదటిది నా వేళ్ళ మధ్య మెత్తగా నలిగిపోయింది. నాకు పదకొండేళ్ళు, నాలుగేళ్ళుగా దూది ఏరుతున్న చెయ్యి నాది. రెండోదాన్ని బొటనవేలితో ఒత్తాను. లోపల గింజ తగిలింది. అంత చిన్న గింజ, బొటనవేలి కింద రాయంత ఉంది. మొదటిది వదిలేసి రెండోది తీశాను. తప్పని తెలిసే తీశాను. నాకు నాటకం మీద అంత పిచ్చి కూడా లేదు. ముందు వరుసలో కుర్చీ అన్నారు, నేను అప్పటిదాకా కుర్చీలో కూర్చోలేదు, అంతే. అమ్మ తన వట్టి ఉండ తీసి, "పోనీలే, చిన్నది చూసొస్తుంది" అని నవ్వింది. అక్క లేచి నాకు తల దువ్వి, తన రిబ్బన్ తీసి నా జడకు కట్టింది.

ఆదివారం మధ్యాహ్నం డేరాలో ఒకటే ఉక్క. కుర్చీ పెద్దది, కాళ్ళు నేలకు అందలేదు. తెర లేచింది, సింహాసనం కనపడింది. అప్పటికే చేతిలోని బెల్లం చెనక్కాయల ఉండ మొత్తం తిన్నాను. రాజు వచ్చాడు, అంటే ఆమె వచ్చింది. కాసేపటికి నేను నిద్రపోయాను. చప్పట్లకు మెలకువ వచ్చి చూస్తే తెర పడుతోంది. ముందు వరుసలో, అందరి కళ్ళ ముందూ, మా అక్క కుర్చీలో నేను నిద్రపోయాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మరునాడు దూది ఏరే వేళ అందరూ చుట్టూ కూర్చున్నారు. అవ్వ "చెప్పమ్మే" అంది. నేను చెప్పాను. రాజు లేచాడు, మంత్రి వచ్చాడు, యుద్ధం జరిగింది, రాణి ఏడ్చింది. నోటికి వచ్చిందల్లా చెప్పాను. అక్క తల వంచుకుని గింజలు ఏరుతోంది. నేను ఒకచోట ఆగి తడుముకుంటే మెల్లగా, "ఆడ పద్యం అయినాక గదా రాజు లేచేది" అంది. ఇంకోచోట, "రాణి ఏడ్చలేదేమో, నవ్విందేమో చూడు" అంది. అక్క ఆ మధ్యాహ్నం డేరా వెనక ఎండలో నిలబడి మొత్తం విందన్నమాట. గుడ్డ డేరా. బయట నిలబడినా మాట మాటా వినిపిస్తుంది, డబ్బు ఇవ్వలేని వాళ్ళు ఊళ్ళో సగం మంది అట్లాగే వినేవాళ్ళు, కంపెనీవాళ్ళు తరిమేవాళ్ళు కాదు. అక్క నా తప్పులన్నీ అట్లా మెల్లగా సర్ది, కథను ఒడ్డున పడేసింది. నెల తిరక్కుండా ధర్మవరం వెళ్ళిపోయింది. అత్తగారింట్లో పద్యం పాడినట్టు నేను ఎప్పుడూ వినలేదు.

ఇప్పుడు చెప్పండి, కార్యదర్శి న్యాయం అన్నప్పుడు నాకు ఒళ్ళు మండదా?

డ్రా రోజు కల్యాణమండపంలో జనం బాగా వచ్చారు. మెరుపు కాగితం చుట్టిన పెద్ద అట్టపెట్టె. సంఘం అధ్యక్షుడు, బట్టల అంగడి ఆసామి, పట్టు పంచెలో వచ్చి పెట్టెలో చెయ్యి పెట్టాడు. చీటీ తీసి మైకులో చదివాడు. చప్పట్లు. మళ్ళీ చెయ్యి. మళ్ళీ చప్పట్లు. నేను మూడో వరుసలో కూర్చుని ముందు పేర్లు వింటున్నాను. తర్వాత పేర్లు వినడం మానేసి ఆయన చెయ్యి చూడటం మొదలుపెట్టాను. చెయ్యి పెట్టెలోకి పోతుంది. ఆగుతుంది. మోచెయ్యి దగ్గర కండ కొంచెం కదులుతుంది. లోపల బొటనవేలు ఏదో ఒత్తి చూస్తోంది. ఇంకోదాన్ని ఒత్తి చూస్తోంది. ఆ చెయ్యి నాకు తెలుసు. అది నా చెయ్యే.

లేచి వేదిక ఎక్కాను. "ఒక్క నిమిషమప్పా, నన్ను తియ్యనీ" అని, ఆయన వద్దనేలోపే పెట్టెలో చెయ్యి పెట్టాను. ఈ వయసులో నా వేళ్ళకు సూదిలో దారం ఎక్కించడం చేతకాదు, కానీ వెతకడం మర్చిపోలేదు. మడిచిన కూపన్లన్నీ మెత్తగా ఉన్నాయి. కొన్నింటికి మాత్రం స్టాప్లర్ పిన్ను గుచ్చుకుంటోంది. పిన్ను ఉన్నవి వరసగా నాలుగు తీసి మైకులో చదివాను. నాలుగూ అధ్యక్షుడి ఇంటి పేరువే. హాల్లో కొందరు నవ్వారు. ఒకరిద్దరు అరిచారు. ఎక్కువమంది ఫోన్లు చూసుకున్నారు. నన్ను అన్నిటికంటే మండించింది అదే. మోసం జరిగినందుకు కాదు, మోసం జరుగుతుందని తెలిసే వాళ్ళు వంద రూపాయలు పెట్టి వచ్చి కూర్చున్నందుకు.

కార్యదర్శి నన్ను మెట్ల పక్కకు తీసుకుపోయాడు.

"ఏం మేడమ్, దుడ్లు పెట్టి ఇంత చేసిన పెద్దాయనకు ఆ మాత్రం మర్యాద చెయ్యద్దా? గొడవ యాల మేడమ్. మీకు రెండు పాసులిస్తాం, ముందు వరుస. అయినా, పిన్ను సంగతి మీకెట్ల తెలిసింది?"

ఎట్లా తెలిసిందో చెప్పాలంటే ఏం చెప్పాలి? మైకు పట్టుకుని అంత అరిచిన మనిషిని, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేక, రెండు పాసులూ తీసుకుని బ్యాగులో వేసుకున్నాను. నిజం రాస్తున్నాను కాబట్టి ఇది కూడా రాయాలి. అక్క మొహం ఒక్కటే కళ్ళ ముందు ఉండింది, ఆమె కోసమే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇంటికి వచ్చి ఒక పాసు వెనక పెన్సిల్‌తో కాశీంబీ అని రాశాను.

మరునాడు పొద్దున ప్యాసింజర్ ఎక్కాను. పెనుకొండలో రైలు ఆగినప్పుడు కోట కొండ వైపు చూడకుండా కూర్చున్నాను. ధర్మవరంలో ఆటో దిగేసరికి అక్క వాకిట్లో మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. బావ పోయాక అంగడి మూసేశారు. కొడుకు ఫోమ్ పరుపులు అమ్ముతాడు. ముందు గదిలో మా అవ్వ నాటి ఇత్తడి చెంబు నిండా మంచినీళ్ళు ఉన్నాయి. నేను పాసులు చేతిలో పెట్టాను. అక్క మొహం వెలిగింది. ఆ తర్వాత ఎట్లా వచ్చాయని అడిగింది. చెప్పాను. పిన్నుల దాకా చెప్పి, అక్కడ ఆగలేక, చెంబు దాకా చెప్పేశాను. బొటనవేలితో ఒత్తానని, గింజ తగిలిందని, తెలిసే తీశానని. ఏడుస్తానని అనుకోలేదు గానీ ఏడ్చాను.

అక్క మోకాలు రుద్దుకుంటూనే ఉంది.

"నీకంటే ముందు నా చేతికి తగిలింది మాబున్నీ ఆ గింజ," అంది. "తగలంగానే తెలిసిపాయ. ఇడిసిపెట్టి పక్కది తీసుకున్యా."

"యాల?"

"యాలేమి? చేతికి తెలిసినాక ఇంక అది చీటీ యాడిది?"

విప్పి కూడా చూడకుండా అక్క ఉండను అవ్వ ఒళ్ళో ఎందుకు పెట్టిందో ఇన్నేళ్ళకు అర్థమైంది. నేను మొత్తం తప్పు నాదొక్కదానిదే అనుకుని మోశాను, అందులో కొంత గొప్ప కూడా ఉండింది కాబోలు. అక్క తన వంతు నష్టాన్ని ఎవరికీ చెప్పకుండా మోసింది.

పాసులు తిరిగి నా చేతిలో పెట్టింది. "ఆ పొద్దు ఇడిసిపెట్టిందాన్ని, ఈ పొద్దు తీసుకుంటానా? పోయి వాళ్ళ మొగానే కొట్టు. నేను గూడా వస్తా. బయట కూచుని విందాం పా. ఆ పొద్దు విన్లేదా నేను?"

కార్యక్రమం రోజు సాయంత్రం పాసులు కార్యదర్శి చేతిలో పెట్టేశాం. ఆయన మమ్మల్ని పిచ్చివాళ్ళను చూసినట్టు చూశాడు. ఎదురుగా టీ అంగడి బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. ఆమె కారు వచ్చింది. అధ్యక్షుడి బంధువులు శాలువాలతో, ఫోన్లతో చుట్టుముట్టారు. అక్క రెండు చేతులూ బెంచీకి ఆనించి లేచి నిలబడింది. జనం మధ్య ఒక తెల్లటి తల మాత్రం కదిలి లోపలికి పోయింది. మొగుము కనపడలేదు. పది నిమిషాల్లో ఒక మనిషి మా పక్కకు వచ్చి గొంతు తగ్గించి, "పాసులుండాయమ్మా, ముందు వరుస, ఒకొక్కటి రెండు వేలు" అన్నాడు. చూపించమన్నాను. వెనక పెన్సిల్‌తో కాశీంబీ అని ఉంది, నా రాత. డ్రా న్యాయమా, బ్లాకా అని ఇంకా ఎవరైనా నన్ను అడిగితే ఆ పాసు సంగతి చెబుతాను. పెనుకొండ సోడాబండి మనిషి కూడా ఇంత తెలివైనవాడు కాదు. వాడు ఒక్కసారే అమ్మేవాడు.

హాలు తలుపులు మూశారు. ఏసీ హాలు. కిటికీలకు అద్దాలు. లోపల హార్మోనియం మొదలైందో లేదో, ఆమె గొంతు ఎత్తిందో లేదో, ఒక్క ముక్క బయటికి రాలేదు. అక్క చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని చాలాసేపు విన్నది. బస్సులు, ఆటోలు, టీ అంగడి గ్యాసు పొయ్యి చప్పుడు తప్ప ఏమీ లేదు. చెయ్యి దించేసింది.

"సరే, నువ్వు చెప్పు," అంది. "ఆ పొద్దు ముందు కుర్చీలో కూచుని ఏం చూసినావో ఇప్పుడన్నా నిజం చెప్పు."

"నిద్రపోయినా అక్కా."

"అది తెలుసులే. నిద్రపోకముందు?"

చెప్పాను. రాజు వేషంలో ఆమె వచ్చి సింహాసనం ముందు నిలబడింది. కూర్చోబోతూ ఆగి, మెత్త మీద అరచెయ్యి వేసి ఒత్తి చూసింది. మా నాయన దూది అది, మెత్తగా దిగి మళ్ళీ పైకి లేచింది. ఆమె ఎవరికీ కనపడకుండా మీసం కింద నవ్వుకుంది. ముందు వరుసలో ఉన్నాను కాబట్టి నాకు కనపడింది. నీలం దారం మూల కూడా కనపడింది. నల్లటి మొహం, పెద్ద కళ్ళు, పై పన్ను ఒకటి కొంచెం ముందుకు. అంతే నేను చూసింది.

అక్క నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రబడ్డాయి. యాభై ఏళ్ళకు పైగా నా మీద ఒక్కసారి కూడా గొంతు పెంచని మనిషి, టీ అంగడి ముందు, అందరూ తిరిగి చూసేట్టు అరిచింది.

"నాయన పొయ్యేదాకా అడుగుతానే ఉన్యాడే మాబున్నీ, ఆ మెత్త ఎట్ల కుదిరిందో ఎవురన్నా చూసినారా అని! ఈ మాట యాల చెప్పలేదే ఆయప్పకు?"